పీహెచ్ అంకె ఒక్కటే చాలదు: నేలకు, చెరువుకు సున్నం లెక్క

ఖుర్సీపార్ నివాసులకు సున్నపురాయి కొత్త వస్తువు కాదు. 1959 ఫిబ్రవరి 4న భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది. దల్లీ రాజ్‌హరా నుండి ఇనుప ఖనిజం, నందిని గనుల నుండి సున్నపురాయి ఆ కొలుములకు చేరుతూ వచ్చాయి. ఇనుప ఖనిజంలో కలసి ఉండే ఇసుకకు ఆమ్ల స్వభావం ఉన్నది. సున్నానికి క్షార స్వభావం ఉన్నది. కొలిమి వేడికి ఈ రెండూ ఒకదానితో ఒకటి కలసి, కరిగిన ఇనుము పైన తెట్టెగా తేలుతాయి. దానినే కార్మికులు స్లాగ్ అంటారు, పాఠ్యపుస్తకాలు లోహమలం అంటాయి. అంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వచ్చి ఇక్కడ కొలిమి పనిలో జీవితం గడిపిన పెద్దలు ఆమ్ల క్షార రసాయన శాస్త్రాన్ని తమ చేతులతోనే నడిపించారు.

ఆ కుటుంబాలలో కొందరు నేడు ధమ్‌ధా, పాటన్ వైపు కూరగాయల భూమిని కౌలుకు చేస్తున్నారు. కొందరు గ్రామ పంచాయతీ చెరువును తీసుకుని చేపలు పెంచుతున్నారు. మరికొందరికి స్వగ్రామంలో ఇంకా ఎకరమో, రెండెకరాలో భూమి ఉన్నది. ఎరువులు, సున్నం అమ్మే వ్యాపారులూ ఈ పాఠకులలో ఉన్నారు. వీరందరికీ ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. భూసార పరీక్ష కార్డులో పీహెచ్ 5 అని ఉన్నది. దుకాణానికి వెళ్ళి, "ఎకరానికి ఎన్ని బస్తాల సున్నం కావాలండీ?" అని అడుగుతారు. దుకాణదారు ఆ అంకె చూసి ఒక లెక్క చెబుతాడు. ఆ లెక్క ప్రకారం సున్నం కొంటారు, దానికి అప్పు కూడా చేస్తారు.

ఆ అంకె ఒక్కదానిని చూసి బస్తాల లెక్క చెప్పటం సాధ్యం కాదు. ఎందుకు సాధ్యం కాదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పీహెచ్ అనగా సున్నాల లెక్క

చింతపండు, నిమ్మరసం, పుల్లని మజ్జిగ ఆమ్లాలు. సున్నపు తేట, చాకలి సోడా, కట్టెల బూడిద కలిపిన నీరు క్షారాలు. నీటిలో కలిసినపుడు ఉదజని అయాన్లను వదిలేది ఆమ్లం, వాటిని పట్టుకుని తగ్గించేది క్షారం. ఈ పాఠానికి ఈ నిర్వచనం చాలు.

శుద్ధమైన నీటిలో కూడా కొద్దిగా ఉదజని అయాన్లు ఉంటాయి. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక లీటరు శుద్ధ జలంలో వాటి బరువు గ్రాములో కోటవ వంతు. కోటికి ఏడు సున్నాలు. కనుక దాని పీహెచ్ 7. లీటరులో గ్రాములో పది లక్షలవ వంతు ఉంటే ఆరు సున్నాలు, పీహెచ్ 6. లక్షవ వంతు ఉంటే ఐదు సున్నాలు, పీహెచ్ 5. లక్షలు, కోట్లు రాసే అలవాటున్న మనకు ఇది అర్థం కావటం కష్టం కాదు. (ఈ సున్నాలకూ, బస్తాలో ఉండే సున్నానికీ సంబంధం లేదని వేరుగా చెప్పనక్కరలేదు.) ఒక్కొక్క అంకె తగ్గినపుడు పులుపు పది రెట్లు పెరుగుతుంది. 7 నుండి 5కు దిగితే రెండు పాళ్ళు కాదు, వంద రెట్లు పెరిగినట్లు. 7 కంటే పై అంకెలు క్షార స్వభావాన్ని తెలుపుతాయి.

ఈ కొలతను 1909లో కోపెన్‌హాగన్ నగరంలోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ అనే శాస్త్రవేత్త ప్రవేశపెట్టాడు. అది ఒక బీరు కంపెనీ నెలకొల్పిన ప్రయోగశాల.

ఇప్పుడు కార్డులోని 5 అనే అంకెను నమ్మి సున్నం లెక్క కడదాం. ఒక ఎకరం నేలలో పై ఆరు అంగుళాల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో అయిదవ వంతు తేమ ఉన్నదనుకుంటే ఆ నీరు 1,80,000 లీటర్లు. పీహెచ్ 5 అంటే లీటరుకు గ్రాములో లక్షవ వంతు. కనుక ఎకరం నేల నీటిలో కరిగి ఉన్న ఉదజని అయాన్లు మొత్తం 1.8 గ్రాములు. ఒక గ్రాము ఉదజని అయాన్లను తటస్థం చేయటానికి 50 గ్రాముల శుద్ధమైన సున్నపురాయి పొడి చాలు. అంటే ఎకరానికి కావలసినది 90 గ్రాములు! పట్టుమని రెండు గుప్పిళ్ళు కాదు.

కాని అనుభవజ్ఞుడైన ఏ రైతూ దీనిని నమ్మడు. ప్రయోగశాలలు అటువంటి నేలకు సిఫారసు చేసే సున్నం వందల కిలోలలోనూ, ఒక్కొక్కసారి టన్నులలోనూ ఉంటుంది. లెక్క తప్పు కాదు. మనం కొలిచిన వస్తువే అసలు ఆమ్లంలో అతి చిన్న భాగం. మిగిలినది నీటిలో లేదు, బంకమట్టి రేణువులనూ, కుళ్ళిన ఆకు అలములనూ అంటిపెట్టుకుని ఉన్నది. నీటిలోని ఆమ్లాన్ని సున్నం తినివేసిన కొద్దీ మట్టి తన నిల్వలో నుండి మరికొంత విడుదల చేస్తుంది. అందుచేత పీహెచ్ అంకె కదలదు. ఇట్లా తన పీహెచ్‌ను మార్చనీయక నిలబెట్టుకునే గుణాన్ని బఫర్ గుణం అంటారు.

మన పాఠకులకు తెలిసిన మాటలలో చెప్పాలంటే, పీహెచ్ మీ జేబులో ఉన్న నగదు, బఫర్ మీ ఖాతాలో ఉన్న నిల్వ. ఇద్దరి జేబులలోనూ యాభై రూపాయలే ఉండవచ్చు. ఒకరి ఖాతాలో వంద, మరొకరి ఖాతాలో లక్ష ఉండవచ్చు. జేబు తడిమి ఆస్తి అంచనా వేయలేము. అయితే ఈ పోలిక ఒక మేరకే సరిపోతుంది. ఆమ్ల నేలలో ఆ ఖాతా నిల్వ అంతా ఆమ్లమే, అంటే మనం తీర్చవలసిన బాకీ.

ఒకే అంకె, వేరు వేరు నేలలు

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలలకు నాలుగు పేర్లు పెట్టుకున్నారు. మెరక మీద గులకరాళ్ళతో కూడిన ఎర్రనేల భాటా. దాని దిగువన పసుపు రంగు తేలిక నేల మటాసీ. ఇంకా దిగువన డోర్సా. పల్లంలోని నల్లరేగడి కన్హార్. సాధారణంగా మెరకన ఆమ్ల గుణం, పల్లానికి దిగిన కొద్దీ తటస్థ, క్షార గుణం కనిపిస్తుంది. కన్హార్‌లో సహజంగానే సున్నపు గులకలు ఉండవచ్చు. అక్కడ సున్నం వేయటం డబ్బు పారవేయటమే.

ఇసుక పాలు ఎక్కువైన మటాసీ నేల, బంక పాలు ఎక్కువైన మరొక నేల రెండూ పీహెచ్ 5.2 చూపించాయనుకోండి. రెండవ దానికి మొదటి దానికంటే రెండు మూడు రెట్లు సున్నం కావలసి రావచ్చు. తేలిక నేలకు బంకనేల మోతాదు వేస్తే మరొక నష్టం ఉన్నది. పీహెచ్ ఒక్కసారిగా పైకి పోయి జింకు, ఇనుము వంటి సూక్ష్మ ధాతువులు మొక్కకు అందవు. ఆకులు తెల్లబారిన తరువాత రైతు జింకు సల్ఫేటు కొరకు మళ్ళీ దుకాణానికి వస్తాడు. శ్రీకాకుళం, విజయనగరం ఎర్రనేలలలో భూములున్నవారు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అటువంటి తేలిక నేలల ఖాతా చిన్నది.

మరి ఆ నిల్వను కొలవటం ఎట్లా? దీనికి ప్రయోగశాలలలో ఒక ఉపాయం ఉన్నది. తెలిసిన పీహెచ్ గల బఫర్ ద్రావణాన్ని మట్టితో కలిపి, మట్టి దానిని ఎంత కిందికి లాగినదో చూస్తారు. ఎక్కువ లాగితే ఎక్కువ నిల్వ ఆమ్లం ఉన్నట్లు. షూమేకర్, మెక్లీన్, ప్రాట్ అనే ముగ్గురు 1961లో ప్రకటించిన పద్ధతిలో ఈ ద్రావణపు పీహెచ్ 7.5. దానిని బట్టి పట్టికలో చూసి ఎకరానికి సున్నం చెబుతారు. 2015లో ప్రారంభమైన భూసార కార్డు పథకంలో పరీక్షించే పన్నెండు అంశాలలో పీహెచ్ ఉన్నది గాని ఈ బఫర్ పరీక్ష లేదు. కనుక మీ నేల పీహెచ్ 5.5 కంటే తక్కువగా ఉంటే, "సున్నపు అవసరం కూడా కట్టి చెప్పండి" అని ప్రయోగశాల వారిని విడిగా కోరండి. రాయపూర్‌లో ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం, స్వగ్రామంలో భూమి ఉన్నవారికి ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల ఇటువంటి సలహా అడగవచ్చు.

వరి వేసేవారికి ఒక శుభవార్త. ఆమ్ల నేలను దమ్ము చేసి నీరు నిలిపితే, కొద్ది వారాలలో దాని పీహెచ్ తనంతట తానే 6.5, 7 దరిదాపులకు పెరుగుతుంది. గాలి అందని మట్టిలో ఇనుము రూపం మారుతూ ఆమ్లాన్ని ఖర్చు చేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పొన్నంపెరుమ అనే శాస్త్రవేత్త ఈ మార్పులను వివరంగా పరిశీలించి 1972లో గ్రంథస్థం చేశారు. కనుక నిలవ నీటి వరికి సాధారణంగా సున్నం అక్కరలేదు. నీరు తీసి ఆరబెట్టగానే నేల మళ్ళీ పాత స్థితికి వస్తుంది. వరి తరువాత వేసే పెసర, మినుము, శనగ, టమాటా పంటలకే సున్నం అవసరం. ఖరీఫ్ వరి పేరిట సున్నానికి పెట్టిన ఖర్చు చాలావరకు వృథా అని నా అభిప్రాయం.

వ్యాపారులకు ముఖ్యమైన లెక్క

తెల్లగా ఉన్న ప్రతి పొడీ సున్నం కాదు. జిప్సం కూడా తెల్లనిదే. అది పీహెచ్ 8.5 దాటిన కారు చౌడు భూములలో సోడియంను వెళ్ళగొట్టటానికి పనికి వస్తుంది. ఆమ్లాన్ని తగ్గించదు. ఆమ్ల నేలకు జిప్సం అమ్మటం జ్వరానికి ఆకలి మందు ఇచ్చినట్లు ఉంటుంది.

సున్నంలో మూడు రూపాలు ఉన్నాయి. మరపట్టిన సున్నపురాయి పొడి, బట్టీలో కాల్చిన సున్నం, కాల్చిన సున్నంపై నీరు చల్లగా విరిసిన సున్నం. ఆమ్లాన్ని చంపే శక్తిలో 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి పొడి, 74 కిలోల విరిసిన సున్నం, 56 కిలోల కాల్చిన సున్నం సమానం. ధర పోల్చవలసినది బస్తాకు కాదు, ఈ శక్తికి. ఉదాహరణకు 50 కిలోల కాల్చిన సున్నం నూటికి 90 పాళ్ళు శుద్ధమైనదైతే సుమారు 80 కిలోల శుద్ధమైన సున్నపురాయితో సమానం. నూటికి 80 పాళ్ళు శుద్ధమైన రాతిపొడి 50 కిలోల బస్తా 40 కిలోలతోనే సమానం. అంటే మొదటి బస్తా ధర రెండవదాని ధరకు రెండింతల లోపు ఉంటేనే కొనటం లాభం. రాతిపొడి మెత్తగా ఉండటమూ అవసరమే. గరుకు పొడి సంవత్సరాల తరబడి కరగకుండా పడి ఉంటుంది.

వానాకాలంలో గోదాములో మూతి విప్పిన కాల్చిన సున్నం గాలిలోని తేమను పీల్చి విరుస్తుంది. తరువాత బొగ్గుపులుసు వాయువును పీల్చి తిరిగి సున్నపురాయిగా మారుతుంది. 56 కిలోలు 74 కిలోలై, చివరకు 100 కిలోలకు చేరగలదు. బరువు పెరిగింది గాని బలం పెరగలేదు. పాత సరుకును తూకం వేసి కాల్చిన సున్నపు ధరకు అమ్మితే కొనుగోలుదారు మోసపోయినట్లే. అమ్మినవారికి ఆ సంగతి తెలియకపోయినా నష్టం నష్టమే. రుణం కొరకు ఇచ్చే కొటేషన్‌లో సున్నం ఏ రూపమో, నూటికి ఎన్ని పాళ్ళు శుద్ధమో రాసి ఇచ్చే వ్యాపారిని నమ్మవచ్చు.

ఊరి పక్కనే గుట్టలుగా ఉండే స్లాగ్ సంగతి కొందరు అడుగుతారు. ఇంగ్లండులో 1870ల చివర సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్ కనుగొన్న పద్ధతిలో ఉక్కు తయారీ నుండి భాస్వరంతో కూడిన స్లాగ్ వచ్చేది. ఐరోపా రైతులు దానిని పొడి చేసి ఎరువుగా వాడారు. కాని అన్ని స్లాగ్‌లూ ఒకటి కావు. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్‌ను నీటితో చల్లార్చి సిమెంటులో కలుపుతారు. మనకు దగ్గరలోని జాముల్ సిమెంటు కర్మాగారం అందుకు పేరు పొందింది. ఉక్కు కొలిమి స్లాగ్‌లో సున్నపు పాలు ఎక్కువే గాని, అందులో క్రోమియం వంటి లోహాలూ ఉండవచ్చు. పరీక్షా పత్రం లేని స్లాగ్ పొడిని కూరగాయల మడిలో చల్లవద్దు, ఉచితంగా వచ్చినా సరే.

చెరువు నీటిలోని ఖాతా

నీటిలో బఫర్‌ను కంటితో చూడటానికి ఒక చిన్న పరీక్ష చేయండి. నాలుగు ఎర్ర మందార పూల రేకులను వేడినీటిలో నానబెట్టి రంగు తీయండి. ఒక గ్లాసులో బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి, ఆమ్లం కాదు సుమా. మరొక గ్లాసులో బోరు నీరు తీసుకోండి. రెండింటిలోనూ మందార రంగు కలపండి. ఇప్పుడు నిమ్మరసం చుక్కలు చుక్కలుగా వేయండి. మొదటి గ్లాసు ఒకటి రెండు చుక్కలకే ఎర్రబడుతుంది. బోరు నీరు పది, ఇరవై చుక్కలైనా అడగవచ్చు. ఈ ప్రాంతంలో భూమి అడుగున సున్నపురాయి పొరలు ఉన్న చోట్ల బోరు నీటిలో బైకార్బొనేటు ఎక్కువగా కరిగి ఉంటుంది. అది ఆమ్లం పడితే పట్టుకుని బొగ్గుపులుసు వాయువుగా వదలివేస్తుంది. క్షారం పడితే దానినీ తగ్గిస్తుంది. మన రక్తం 7.35కు, 7.45కు మధ్య నిలబడటంలో ఈ బైకార్బొనేటుకు ముఖ్యమైన పాత్ర ఉన్నది. పాడి పశువులు నెమరు వేసేటప్పుడు మింగే లాలాజలంలోనూ ఇదే ఉంటుంది. గింజల దాణా మితిమీరి తిన్న ఆవు కడుపులో పులుపు ఆ లాలాజలపు శక్తిని మించిపోయి ప్రాణాపాయం తెస్తుంది. పశువైద్యుడు తినే సోడాను వాడేది అందుకే.

చేపల చెరువులో ఈ నిల్వను క్షారత అంటారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల సున్నపురాయికి సమానం అని కొలుస్తారు. పగలు నీటిలోని పచ్చ నాచు సూర్యరశ్మికి బొగ్గుపులుసు వాయువును తినివేయగా పీహెచ్ పెరుగుతుంది. రాత్రి చేపలు, నాచు అన్నీ ఊపిరి వదలగా తగ్గుతుంది. క్షారత బాగా ఉన్న చెరువులో ఈ ఊగిసలాట 7.5కు, 8.5కు మధ్య ఉండవచ్చు. వాననీటితో మాత్రమే నిండే, భాటా నేలలోని చెరువులో ఉదయం 6, మధ్యాహ్నం 9 దాటినా ఆశ్చర్యం లేదు. అటువంటి చెరువు నీటిని ఉదయం కొలిచినవాడు సున్నం వేయమంటాడు. మధ్యాహ్నం కొలిచినవాడు వద్దంటాడు. ఇద్దరి మీటర్లూ సరిగానే ఉన్నాయి.

దీనివలన చేపలు చనిపోవటం ఎట్లాగో చూడండి. మేత మిగులు, పేడ, యూరియా నుండి నీటిలో అమ్మోనియా చేరుతుంది. దానిలో అయాన్ రూపం వలన చేపకు పెద్దగా హాని లేదు, వాయు రూపం విషం. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 అయితే విష రూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 అయితే సుమారు 5 పాళ్ళు. 9 అయితే సుమారు 36 పాళ్ళు. వేడి పెరిగితే ఇంకా ఎక్కువ. నీటిలో అమ్మోనియా మొత్తం మారలేదు, పీహెచ్ మారినందున అదే నీరు మధ్యాహ్నానికి విషమైపోయింది. బలహీనమైన చెరువులో ఎండ బాగా ఉన్న రోజున యూరియా చల్లటం, లేదా చేపలున్న నీటిలో కాల్చిన సున్నం కుమ్మరించటం ఈ కారణం చేతనే ప్రమాదం. కాల్చిన సున్నం నీటి పీహెచ్‌ను 11 పైకి కూడా తీసుకుపోగలదు. దానిని ఎండగట్టిన చెరువు అడుగున వాడి, తగిన రోజులు ఆగిన తరువాతనే చేపపిల్లలను వదలాలి. నీరు, చేపలు ఉన్న చెరువుకు రాతిపొడియే మేలు. అది ఎంత ఎక్కువైనా నీటిని సుమారు 8.3 దాటించదు. మిగిలినది కరగకుండా అడుగున కూర్చుంటుంది.

క్షారత లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉన్న చెరువుకు సున్నం వేయటం లాభకరం. 50 దాటితే అవసరం అరుదు. బోరు నీటితో నింపే చెరువు చాలాసార్లు ఈ రెండవ రకంలోనికే వస్తుంది. ఒక ఎకరం చెరువులో మీటరున్నర లోతు నీరు ఉంటే సుమారు 60 లక్షల లీటర్లు. క్షారతను 15 నుండి 50కి పెంచటానికి లీటరుకు 35 మిల్లీగ్రాముల చొప్పున 210 కిలోల శుద్ధమైన రాతిపొడి కరగాలి. ఇది నీటికి మాత్రమే. అడుగు మట్టి ఆమ్లగుణం కలదైతే ముందుగా అది తన వాటా తీసుకుంటుంది. అందుచేత చెరువు మట్టికి కూడా పొలం మట్టి వలెనే సున్నపు అవసరం కట్టించాలి. 2018-19 బడ్జెట్ తరువాత కిసాన్ క్రెడిట్ కార్డు చేపల పెంపకందారులకు కూడా విస్తరించింది. ఖర్చు అంచనాలో సున్నం పద్దు రాసేటప్పుడు ఈ రెండు పరీక్షల కాగితాలను జతపరచండి.

నమూనాల గురించి. పొలంలో ఎనిమిది, పది చోట్ల ఆరు అంగుళాల లోతున వంకాయల ఆకారంలో గాక నాగటి చాలు వలె గుంట తీసి, పక్క నుండి పైనుంచి కింది వరకు సమంగా మట్టి గీరి, కలిపి అర కిలో తీసుకోండి. సున్నం గాని, ఎరువు గాని వేసిన కొత్తలో తీయవద్దు. నీడన ఆరబెట్టండి. చెరువు నీటిని సీసాలో మూతి వరకు, గాలి మిగలకుండా నింపండి. చేతిలో పట్టుకునే పీహెచ్ మీటరు ఉన్న వ్యాపారులు 4, 7, 9.2 బఫర్ మాత్రలను డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, వాటితో మీటరును సరిచూసిన తరువాతనే వాడాలి. చెరువు నీటిని ఉదయం ఆరు గంటలకు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి, ఒకే రోజున తీయండి. సీసాపై చీటీ అంటించి, తేదీతో పాటు గంట కూడా రాయండి.